చదవకుండా వేసిన వేలిముద్ర

న్యాయ సలహాలిచ్చే ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ఉత్తరాలు పాస్‌పుస్తకాలు, గట్టు తగాదాలు, మాజీ సైనికుల పెన్షన్ల గురించి. రెండు సంచికల కింద ఒకాయన "మనిషి లేకుండా కాల్చే తుపాకీ మీద కేసు ఎలా పెడతారండీ?" అని సరదాగా అడిగితే, కాల్చే నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని నాలుగు ముక్కల్లో జవాబు రాసి వదిలేశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు నా బల్ల సొరుగులో పట్టడం లేదు.

ఈ విషయంలో మాట్లాడటానికి నాకు కాస్త అర్హత ఉంది. తాడేపల్లిగూడెం కోర్టులో నల్లకోటు వేసుకోకముందు 22 ఏళ్ళు ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో రాడార్ ఆపరేటర్‌గా పనిచేశాను. మాది మిలిటరీ మాధవరం. ఆ ఊళ్ళో పుట్టినవాణ్ణి సైన్యంలో ఎందుకు చేరావని ఎవరూ అడగరు, లా ఎందుకు చదివావని అడుగుతారు. ఈసారి భూముల ప్రశ్నలు పక్కన పెట్టి, తమంతట తామే కాల్చే ఆయుధాల మీద వచ్చిన ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీవీలో డ్రోన్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. డ్రోన్ అంటేనే మనిషి లేకుండా చంపేదా?
— డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: కాదమ్మా. ఎగిరేదాంట్లో మనిషి కూర్చున్నాడా లేదా అన్నది కాదు తేడా. ఎవర్ని కొట్టాలో ఎవరు తేల్చారన్నది చూడాలి. మనకు బాగా తెలిసిన మందుపాతరతోనే చెబుతాను. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కారు మీద పేలినవి క్లెమోర్ మైన్లు. ఎవరో కాపు కాసి, కారు వచ్చేదాకా ఆగి పేల్చారు. ఘోరమే, కానీ ఏ కారన్నది మనుషులు ఎంచుకున్నారు. సరిహద్దులో పాతే మైన్ అలా కాదు. పాతినవాడు ఆ సాయంత్రమే వెళ్ళిపోతాడు. తర్వాత దాని మీద కాలు వేసింది సైనికుడా, మేకలు కాసే పిల్లాడా అన్నది దానికి పట్టదు. బరువు పడితే చాలు.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ కింద మమ్మల్ని రాజస్థాన్ పంపారు. సరిహద్దు వెంట పొలాలకు పొలాలు మైన్లు పాతారు. యుద్ధం రాలేదు. మా పోస్టుకు కొద్ది దూరంలో ఒక ఒంటె మాత్రం వచ్చింది. దాని యజమాని మైన్లున్న చేలోకి అడుగు పెట్టలేక, గట్టు మీద కూర్చుని సాయంత్రం దాకా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఒకసారి ఆన్ చేశాక లక్ష్యాన్ని తనే ఎంచుకుని, మళ్ళీ మనిషిని అడగకుండా తనే కొట్టేది స్వయంచాలక ఆయుధం. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఇచ్చే అర్థం దాదాపు ఇదే. ఆ లెక్కన మందుపాతర ఈ వంశానికి తాతగారు. మనవల్లో ఒకటి ఇజ్రాయెల్ తయారుచేసిన హార్పీ. గాల్లో గంటల తరబడి చక్కర్లు కొడుతూ, కింద ఎక్కడైనా రాడార్ ఆన్ అయితే ఆ సిగ్నల్ పట్టుకుని దాని మీద పడి పేలిపోతుంది. అంటే అచ్చంగా నాలాంటివాళ్ళ కోసమే పుట్టింది. రాడార్ పక్కన ఏముందో దానికి తెలియదు. దాని తర్వాత వచ్చిన హారోప్‌లో కెమెరా ఉంది, ఆపరేటర్ చూసి వద్దనుకుంటే దాడి ఆపొచ్చు. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. టీవీవాళ్ళకు తేడా కనపడకపోవడంలో వింత లేదు.

ప్రశ్న: మనిషికి కోపం, భయం, నిద్రమత్తు ఉంటాయి. యంత్రానికి అవేవీ లేవు. అప్పుడు యంత్రమే తక్కువ తప్పులు చేస్తుంది కదా? మనిషే ఉండాలని పట్టుబట్టి మీరు ఇంకా ఎక్కువమంది ప్రాణాలు పోవడానికి కారణమవుతున్నారేమో ఆలోచించండి.
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నన్ను రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ముందు మీ వాదనకు మీకన్నా బలమైన సాక్ష్యం నేనే ఇస్తాను.

1988 జులై 3. పర్షియన్ గల్ఫ్‌లో విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక, బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ వెళ్తున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని శత్రువుల ఫైటర్ అనుకుని కూల్చేసింది. 290 మంది పోయారు. అందులో 66 మంది పిల్లలు. 10 మంది మన దేశంవాళ్ళు. తర్వాత నౌకలోని ఏజిస్ కంప్యూటర్ రికార్డులు తీసి చూస్తే, విమానం పైకి ఎక్కుతోందని అది సరిగ్గానే చూపించింది. తెరలు చూస్తున్న మనుషులు మాత్రం కిందికి దిగుతోంది, మన మీదికే వస్తోంది అన్నారు. అప్పటికే ఇరాన్ పడవలతో కాల్పుల్లో ఉన్నారు, ఆ టెన్షన్‌లో పైకి కిందికి తేడా పోయింది. యంత్రం ఒప్పు, మనిషి తప్పు.

ఇప్పుడు రెండోది. 2003 మార్చి 23, ఇరాక్ యుద్ధం మొదలైన నాలుగో రోజు. కువైట్‌లోని అమెరికా పేట్రియాట్ బ్యాటరీ (విమానాల్ని, క్షిపణుల్ని కూల్చే క్షిపణుల దళం), పని ముగించుకుని తిరిగొస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని కూల్చింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. ఆ విమానాన్ని రాడార్ల మీద పడే క్షిపణిగా లెక్కగట్టింది పేట్రియాట్ కంప్యూటరే. విమానం నుంచి 'నేను మీవాణ్ణే' అనే సిగ్నల్ అందలేదు. అక్కడున్న సైనికులకు తేల్చుకోవడానికి దొరికింది సుమారు ఒక నిమిషం. తెర చెప్పింది, వాళ్ళు కాల్చారు. 10 రోజులు తిరిగేసరికి ఏప్రిల్ 2న పేట్రియాట్లు అమెరికా సొంత నేవీ విమానాన్నే కూల్చాయి. ఇక్కడ యంత్రం తప్పు. మనిషి ఉన్నాడు గానీ లేనట్టే.

మూడోది నాదే. 2002 ఫిబ్రవరి, తెల్లవారుజాము, ఫలోదీ వైపు. నా తెర మీద ఒక గుర్తు పడింది. తక్కువ ఎత్తు, తక్కువ వేగం, హెలికాప్టర్ లాగే ఉంది. సిగ్నల్ పంపితే జవాబు లేదు. లాక్ చేశాను. రాడార్ లాక్ అయితే ఫిరంగులు వాటంతట అవే అటు తిరుగుతాయి, చూడని వాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. కాల్చడం మాత్రం మా చేతిలో ఉండేది. ఆ రోజు మాకున్న ఆర్డర్ 'వెపన్స్ టైట్', అంటే శత్రువని రూఢి అయితేనే కాల్చాలి. సుబేదార్ సాబ్ నా భుజం మీద చెయ్యి వేసి "రుకో" అన్నారు. బయట బైనాక్యులర్ పట్టుకుని నిలబడ్డ జోధ్‌పూర్ కుర్రాడు కాసేపటికి పెద్దగా నవ్వాడు. "కుర్జా హై సాబ్, కుర్జా!"

కుర్జాలంటే చలికాలానికి మంగోలియా వైపు నుంచి వచ్చే కొంగల్లాంటి పక్షులు. అక్కడికి దగ్గర్లోని ఖీచన్ ఊరివాళ్ళు వాటికి రోజూ గింజలు చల్లి మేపుతారు. వందల పక్షులు ఒక్కసారి లేచి, నా రాడార్‌కు హెలికాప్టర్ అయ్యాయి.

ఈ కథ చెప్పి మనిషి కన్నే గొప్పదని నేననను. నా కన్ను కూడా తెర మీదే ఉంది. ఆర్డర్ 'వెపన్స్ ఫ్రీ' అయి ఉంటే కాల్చేవాళ్ళం, నా సంతకంతోనే. మమ్మల్ని కాపాడింది ఆగడానికి దొరికిన రెండు నిమిషాలు, తెరతో సంబంధం లేని ఇంకో కన్ను, ఆగమనే అధికారం ఉన్న ఒక సుబేదార్. పేట్రియాట్ కుర్రాళ్ళకు ఈ మూడూ లేవు. లెక్కల మాస్టారు కాబట్టి అడుగుతున్నాను: ఒకే తెరను నలుగురు చూసి నలుగురూ ఔనంటే అది నాలుగు సాక్ష్యాలా, ఒక సాక్ష్యమా?

ప్రశ్న: ఫొటోల్లో, వీడియోల్లో వస్తువుల్ని గుర్తుపట్టే ఏఐ మోడల్స్ మీద పనిచేస్తాను. మా టీంలో కొందరు ఒక డిఫెన్స్ ప్రాజెక్టుకు మారుతున్నారు. చివర్లో ఒక మనిషి 'అప్రూవ్' నొక్కేలా స్క్రీన్ పెడితే చట్టానికి సరిపోతుందంటున్నారు. నిజమేనా సార్?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ముందు మా గూడెం కోర్టు సంగతి ఒకటి వినండి. కొన్నేళ్ళ కింద ఒక ముసలావిడ తరఫున వాదించాను. ఎకరంన్నర భూమికి ఆవిడ వేలిముద్రతో గిఫ్ట్ డీడ్ ఉంది. ముద్ర ఆవిడదే, అనుమానం లేదు. కానీ చదువురాని మనిషి వేలిముద్ర వేసిన దస్తావేజు వస్తే కోర్టు ముద్ర చూసి సరిపెట్టుకోదు. చదివి వినిపించారా, అర్థమయ్యేలా చెప్పారా, వద్దనే వీలు ఆవిడకు ఉందా అని అడుగుతుంది. ఆవిడ బోనులో నిలబడి చెప్పింది ఒక్కటే: "పింఛను కాగితం అన్నారు బాబూ, వేశాను."

మీ స్క్రీన్ మీద 'అప్రూవ్' నొక్కే సైనికుడు ఆ ముసలావిడ కాకూడదు.

గాజా యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం 'లావెండర్' అనే ఏఐ వ్యవస్థ వాడిందని 2024 ఏప్రిల్‌లో అక్కడి పాత్రికేయులు రాశారు. అది 37,000 మంది దాకా పేర్లను అనుమానితులుగా గుర్తించిందని, ఒక్కో పేరుకు 20 సెకన్లు కేటాయించి, గుర్తించిన వ్యక్తి మగవాడేనా అని మాత్రం చూసి దాడికి ఔననేవాళ్ళమని కొందరు అధికారులు చెప్పినట్టు అందులో ఉంది. సైన్యం దీన్ని ఒప్పుకోలేదు. అది సమాచారం సరిచూసుకునే సాధనమేనని, లక్ష్యాలను తేల్చేది మనుషులేనని చెప్పింది. ఎవరి మాట నిజమైనా, ఆ 20 సెకన్ల వర్ణన మాత్రం మీ టీంవాళ్ళు గోడకు అంటించుకోవాల్సిందే. అక్కడా మనిషి ఉన్నాడు, మీట నొక్కింది మనిషే.

యుద్ధ చట్టం మీ మోడల్‌ను ఏమీ అడగదు. దాన్ని వాడే కమాండర్‌ను అడుగుతుంది. ఎదుటివాడు సైనికుడా, మామూలు మనిషా? సైనికుడే అయినా, వాడి చుట్టూ పోయే సామాన్యుల ప్రాణాలు దక్కే సైనిక లాభానికి మించిపోతాయా? ఆ నష్టం తగ్గించడానికి చేయగలిగిందంతా చేశావా? జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లో ఇవి రాసి ఉన్నాయి. మన దేశం అందులో చేరలేదు, కానీ ఈ మూడు సూత్రాలూ, దేశాలు పాటిస్తూ రావడం వల్ల ఏర్పడ్డ ఆచార చట్టంగా, అన్ని దేశాలకూ వర్తిస్తాయి. మొదటిది మీ మోడల్‌కు కొంతవరకు వస్తుంది. ట్యాంకునూ ట్రాక్టర్‌నూ విడదీస్తుంది. కానీ భుజాన స్ప్రేయర్ తగిలించుకుని చేలో నడిచే రైతును చూసి ఏమంటుంది? రెండోదానికి అసలు సరైన అంకె అంటూ లేదు. ఒక గిడ్డంగి విలువ ఎన్ని ప్రాణాలని ఏ డేటాలో రాసి ఉంటుంది, ఎలా ట్రెయినింగ్ ఇస్తారు? అది ఒకరు మనసులో తూచి, తర్వాత దానికి కట్టుబడి నిలబడాల్సిన లెక్క.

మీ వాళ్ళు ఆ ప్రాజెక్టుకు వెళ్తే వెళ్ళనీయండి. దేశానికి ఆయుధాలు వద్దనే రకం కాదు నేను. కానీ మొదటి మీటింగ్‌లోనే కొన్ని అడగమనండి. గుర్తుపట్టింది ఎందుకో స్క్రీన్ చెబుతుందా, లేక 'సరిపోయింది 92 శాతం' అని అంకె చూపిస్తుందా? నొక్కేవాడికి ఇంకో కన్ను ఉందా? గంటకు ఎన్ని నొక్కాలని టార్గెట్ పెడతారా? వద్దన్నవాణ్ణి ఎందుకు వద్దన్నావని పిలిచి అడుగుతారా, ఔనన్నవాణ్ణి కూడా అలాగే అడుగుతారా? నా అనుభవంలో చివరి ప్రశ్న దగ్గరే అందరూ టీ తాగడానికి లేస్తారు.

ప్రశ్న: ప్లీడరు గారూ, మా బాబు సరిహద్దులో ఉన్నాడు. వాడి బదులు యంత్రం వెళ్ళి పోరాడితే మంచిదే కదండీ. మీరు ఎందుకు వద్దంటారు? మీకు పిల్లలు లేరా?
— ఒక జవాను తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉన్నారమ్మా, ఇద్దరు. చిన్నవాడు ఇప్పుడు సర్వీసులోనే ఉన్నాడు. ప్లీడరుగా మీకు జవాబు చెప్పడం తేలిక, మాధవరం వాడిగా కష్టం. మా ఊళ్ళో టెలిగ్రాం బంట్రోతు సైకిల్ బెల్లు వినపడితే ఆడవాళ్ళు వంట వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవారు. ఆ బెల్లు మోగకుండా చేసే యంత్రం ఏదైనా నాకు ఇష్టమే.

అందుకే నేను అన్నీ వద్దనను. మైన్లు తీసే రోబోను మీ బాబుకన్నా ముందు పంపాల్సిందే. నౌక మీదికి దూసుకొచ్చే క్షిపణిని తనంతట తనే కాల్చే ఫాలాంక్స్ లాంటి ఫిరంగులు 1980ల నుంచీ ఉన్నాయి. సెకన్లలో తేలిపోయే చోట మనిషి ఆలోచించే వ్యవధి ఉండదు. అవి ఉండాలి, ఎందుకంటే ఎదురుగా వచ్చేది ఇనుము. రెడ్‌క్రాస్ 2021లో గీసిన గీత ఇలా ఉంటుంది: మనుషుల్నే లక్ష్యంగా ఎంచుకుని కొట్టే స్వయంచాలక ఆయుధాలు వద్దు, ఏం చేస్తాయో ముందే చెప్పలేనివి వద్దు, మిగతావాటికి ఎక్కడ, ఎంతసేపు వాడొచ్చో హద్దులు పెట్టాలి. నాకు ఆ గీత నచ్చింది.

ఇంకోటి కూడా మీరు ఆలోచించాలి. మన వైపు యంత్రం ఉంటే అవతలి వైపు కూడా ఉంటుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో కువైట్‌కు చెందిన ఫైలకా దీవిలో ఇరాక్ సైనికులు చిక్కుకుపోయారు. అమెరికా నౌక నుంచి వచ్చిన పయొనీర్ అనే డ్రోన్ తల మీద తిరుగుతుంటే, ఇక నౌక ఫిరంగులు మొదలవుతాయని వాళ్ళకు అర్థమైంది. తెల్లగుడ్డలు పట్టుకుని ఆ డ్రోన్‌కే ఊపారు. మనుషులు ఒక డ్రోన్‌కు లొంగిపోవడం అప్పుడే మొదటిసారి అంటారు. అవతల తెర ముందు కూర్చుని ఆ గుడ్డల్ని చూసినవాడు మనిషి. లొంగిపోయినవాణ్ణి చంపకూడదన్నది యుద్ధ చట్టంలో పాత నియమం. రేపు మీ బాబు దెబ్బతిని, తుపాకీ పక్కన పడేసి, చొక్కా విప్పి ఊపాల్సి వస్తే, పైనున్నదానికి ఆ చొక్కా ఏమిటో తెలియాలి కదమ్మా.

ఈ జవాబుతో మీకు నిద్ర పడుతుందని నేననుకోను. నాకూ పట్టడం లేదు.

ప్రశ్న: ఈ ఆయుధాలపై ఐక్యరాజ్యసమితిలో మన దేశం వైఖరి ఏమిటి? పోటీ పరీక్షలకు చదువుతున్నాను, క్లుప్తంగా చెప్పండి.
— విజయవాడ

జవాబు: క్లుప్తంగానే చెబుతాను బాబూ. కొన్ని సంప్రదాయ ఆయుధాలపై 1980లో కుదిరిన ఒప్పందం కింద జెనీవాలో ఈ చర్చ 2014లో మొదలైంది. 2017లో నిపుణుల బృందం తొలిసారి కూర్చుంది, దానికి అధ్యక్షత వహించింది మన రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్. 2019లో 11 మార్గదర్శక సూత్రాలు ఒప్పుకున్నారు. 2023 అక్టోబరులో ఐరాస ప్రధాన కార్యదర్శి, రెడ్‌క్రాస్ అధ్యక్షురాలు కలిసి 2026 నాటికి కొత్త ఒప్పందం తేవాలని కోరారు. ఆ డిసెంబరు 22న జనరల్ అసెంబ్లీ తీర్మానానికి 152 దేశాలు ఔనంటే, 4 కాదన్నాయి: రష్యా, బెలారస్, మాలి, భారత్. 11 తటస్థంగా ఉన్నాయి. చర్చ జెనీవాలోనే జరగాలి, కట్టిపడేసే ఒప్పందానికి ఇంకా సమయం రాలేదన్నది మన వాదన.

పరీక్షలో ఇంతవరకు రాయి. నా అభిప్రాయం రాస్తే మార్కులు పోతాయి గానీ, చెబుతాను. జెనీవాలో ప్రతి కామాకూ అందరూ ఒప్పుకోవాలి, కాబట్టి అక్కడే ఉండాలనడం అంటే మెల్లగా వెళ్దామనడమే. ఇరుగుపొరుగును చూస్తే ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ కళ్ళు పోగొట్టే లేజర్లను 1995లో యుద్ధంలోకి రాకముందే అదే ఒప్పందం కింద నిషేధించారు, మనమూ ఒప్పుకున్నాం. ముందే ఆపడం చేతకాని పని కాదు.

ప్రశ్న: అస్త్రం వేయడంతో పాటు ఉపసంహారం కూడా నేర్పేవారట. మన పెద్దలు ఇవన్నీ ముందే ఊహించారంటారా?
— పెనుగొండ నుంచి ఒక పెద్దాయన

జవాబు: డ్రోన్లను ఊహించారని నేననను, మా మనవడు నవ్వుతాడు. కానీ మీరు చెప్పింది మంచి కేసే. అర్జునుడూ అశ్వత్థామా అస్త్రాలు వేశారు. వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు వేయడం వచ్చు, తీయడం రాదు. దాన్ని తీసుకెళ్ళి ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి మళ్ళించాడు. ప్లీడరుగా నాకు నచ్చేది ఆ తర్వాతది. ఆ అస్త్రం ఒక గడ్డిపుల్లే. గడ్డిపుల్లను ఎవరూ బోనెక్కించలేదు. తలలోని మణి తీసింది, శాపం పెట్టింది అశ్వత్థామకే.

ప్రశ్న: ఇంతకీ మొదటి పెద్దమనిషి అడిగిందానికి జవాబు రాలేదు. కేసు ఎవరి మీద?
— ముగ్గురు నలుగురు ఇదే అడిగారు

జవాబు: 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున వెళ్ళి పాకిస్తాన్‌లోని మియాఁ చన్ను దగ్గర పడింది. దేవుడి దయ, ఎవరూ చనిపోలేదు. ఎయిర్‌ఫోర్స్ విచారణ జరిపి, పద్ధతి తప్పినందుకు ఆగస్టులో ముగ్గురు అధికారులను ఉద్యోగం నుంచి తీసేసింది. అంతకుముందు 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బద్గాంలో మన హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చి, అందులోని ఆరుగురు, కింద ఉన్న ఒకరు చనిపోయినప్పుడు, అది మా తప్పేనని ఎయిర్‌ఫోర్స్ చీఫే ఒప్పుకున్నారు, కోర్టు మార్షల్ దాకా వెళ్ళింది. రెండు చోట్లా ఏ గదిలో, ఏ షిఫ్టులో, ఎవరు ఏ నియమం దాటారో వెతికితే దొరికింది. అందుకే చర్య తీసుకోగలిగారు.

తనే ఎంచుకుని తనే కొట్టే ఆయుధం తప్పు చేస్తే, పంపిన కమాండర్ "ఇలా చేస్తుందని నాకు తెలియదు" అంటాడు. కమాండర్‌కు తెలుసు, లేదా తెలిసి ఉండాలి అని రుజువైతేనే కిందివాళ్ళ నేరం అతని మీదికి వస్తుంది. కింద ఉన్నది మనిషే కాకపోతే ఆ సూత్రాన్ని ఎలా పట్టుకోవాలో ఎవరూ తేల్చలేదు. తయారుచేసిన కంపెనీ "పరీక్షల్లో బాగానే ఉంది, వాడిన చోటు వేరు" అంటుంది. ప్రోగ్రాం రాసిన కుర్రాడికి యుద్ధం జరిగిన ఊరి పేరు కూడా తెలియదు. ఇప్పుడున్న చట్టంలో నేనైతే పంపిన కమాండర్ మీదే వేస్తాను. ఏం చేస్తుందో తెలియని దాన్ని వదలడమే నిర్లక్ష్యం అని వాదిస్తాను. గెలుస్తానా అంటే, ఎదుటి ప్లీడరు నాకన్నా పెద్ద ఫీజువాడై ఉంటాడు.

పేరు రాయకుండా వికలాంగ పెన్షన్ గురించి అడిగిన గోపాలపట్నం మాజీ సైనికుడికి: మీ డిశ్చార్జి బుక్, మెడికల్ బోర్డు కాగితాల నకళ్ళు పంపండి. అవి చూడకుండా ఔననీ కాదనీ చెప్పలేను.